కంప్యూటరు రిజిస్ట్రీని కడిగితే వేగం పెరుగుతుందా?

మన సావనీరు ఉర్దూ విభాగం ఈసారి రెండు రోజులు ఆలస్యంగా ప్రెస్సుకు పోయింది. సంపాదకవర్గం మీద కొందరు మిత్రులు విసుక్కున్నారు గాని తప్పు వారిది కాదు. ఛత్తాబజారులో ఒక చిన్న డి.టి.పి. షాపులో జరిగిన సంగతి దానికి కారణం. ప్రూఫులు తేవడానికి పోయి ఆ సంగతి మొదటినుంచి చివరిదాకా కళ్లారా చూసినవాణ్ణి నేను. "సైన్సు విద్యార్థివి గదా, అదేమిటో నాలుగు ముక్కలు రాయరాదా" అన్నారు సంపాదకులు. రాస్తున్నాను.

ఛత్తాబజారు గురించి పాతబస్తీలో చదివేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పెండ్లికార్డుల బజారు అది. సందులో అడుగు పెడితే ఒక పక్క కాగితం కోసే మిషన్ల చప్పుడు, ఇంకో పక్క సిరా వాసన. ఒకప్పుడు ఇక్కడ కాతిబులు కూర్చుని కలంతో నస్తాలీఖు రాసేవారు. 1981లో పాకిస్తానులో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖు లిపిని యంత్రానికి ఎక్కించాడు. 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేరు వచ్చింది. ఆ తరువాత కలం పని చాలామటుకు కంప్యూటరు పాలయింది. అంటే ఇక్కడ కంప్యూటరు ఆగితే కలం విరిగినట్టే.

మాకు ఉర్దూ పేజీలు కంపోజు చేసిపెట్టే షాపులో ఉన్నది ఒకే ఒక కంప్యూటరు. పదేళ్ల పాతది. షాపు యజమానిని అందరం చాచా అంటాం. పొద్దున స్విచ్చు వేసి, పక్క హోటల్లో ఇరానీ చాయ్ తాగి వచ్చేదాకా దాని తెర మీద బొమ్మ నిలబడదు. "బుడ్డా హోగయా బేటా, మేరే జైసా" అని నవ్వేవాడు చాచా. పెండ్లిళ్ల రోజులు దగ్గరపడ్డాక ఆ నవ్వు పోయింది. కార్డు ఒక్కరోజు లేటయితే పార్టీ పక్క షాపుకు పోతుంది మరి.

కంప్యూటర్లు రిపేరు చేసే కుర్రవాడొకడు వచ్చి, పెన్ డ్రైవులోంచి ఒక రిజిస్ట్రీ క్లీనరు ప్రోగ్రామును ఎక్కించాడు. దాని పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి డజన్ల కొద్దీ ఉన్నాయి. అయిదు నిమిషాలు వెదికి, 800 పైచిలుకు "ఎర్రర్లు" ఉన్నాయని ఎర్రటి అక్షరాలతో చూపించిందది. వెదకడం ఉచితం, బాగుచేయాలంటే మాత్రం పైకం కట్టాలి. చాచా కట్టాడు. అన్నీ తుడిచేశారు. ఆ తరువాత "కంపాక్ట్" అనే ఇంకో బటను నొక్కి రిజిస్ట్రీని కుదించారు కూడా. మళ్లీ స్విచ్చు వేశారు. నేను చేతి గడియారం చూస్తూ కూర్చున్నాను. నాకైతే తేడా కనపడలేదు. "చూసిండ్రా, ఎంత స్పీడొచ్చిందో" అన్నాడు కుర్రవాడు. చాచా కూడా తలూపాడు. పైకం కట్టినవాడు ఊపక ఏం చేస్తాడు!

మరునాడు ఉర్దూ సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు.

ఇంతకూ ఈ రిజిస్ట్రీ అనేది ఏమిటి? కంప్యూటరులో విండోస్ అనే నిర్వాహక వ్యవస్థ ఉంటుంది గదా, అది తనకూ తనలో నడిచే ప్రోగ్రాములకూ కావలసిన వివరాలన్నీ రాసిపెట్టుకునే దస్త్రం రిజిస్ట్రీ. ఏ ప్రోగ్రాము ఎక్కడ ఉంది, ఏ రకం ఫైలును ఏది తెరవాలి, ప్రింటరు ఏది, తెర మీద రంగులేవి, ఇలాంటివన్నీ అందులో పద్దులుగా ఉంటాయి. 1992లో వచ్చిన విండోస్ 3.1 నాటికి ఈ వివరాలు చాలావరకు విన్.ఐ.ఎన్.ఐ., సిస్టమ్.ఐ.ఎన్.ఐ. వంటి మామూలు అక్షరాల ఫైళ్లలో, ప్రోగ్రాముకు ఒకటి చొప్పున చెల్లాచెదురుగా ఉండేవి. 1993లో విండోస్ ఎన్.టి., 1995లో విండోస్ 95 వచ్చాక అవన్నీ ఒక్క దస్త్రం కిందికి చేరాయి.

ఈ దస్త్రం డిస్కు మీద కొన్ని ఫైళ్లుగా ఉంటుంది. ఒక్కొక్క ఫైలును హైవ్ అంటారు. హైవ్ అంటే తేనెపట్టు. ఎన్.టి. తయారుచేసిన వాళ్లలో ఒకాయనకు తేనెటీగలంటే గిట్టదట. అతణ్ణి ఆటపట్టించడానికి తోటివాడు ఈ పేరు పెట్టాడని మైక్రోసాఫ్టు ఇంజనీరు రేమండ్ చెన్ 2003లో రాశాడు. లోపలి అరలకు కూడా "సెల్" అని తేనెగూటి పేరే పెట్టారు. పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా మన హాస్టలు రూముల్లాంటి పనులు జరుగుతాయన్న మాట!

రిజిస్ట్రీని అర్థం చేసుకోవడానికి మాలాంటి సేద్యం చేసే ఇండ్లవాళ్లకు ఒక సులువుంది. అది అచ్చంగా పహాణీ వంటిది. గ్రామం, గ్రామంలో సర్వే నెంబరు, సర్వే నెంబరులో 214/అ, 214/ఆ అని బై నెంబర్లు, వాటికెదురుగా పట్టాదారు పేరు, విస్తీర్ణం. రిజిస్ట్రీలో కూడా పెద్ద "కీ", దానికింద చిన్న కీలు, వాటికెదురుగా విలువలు. మా పొలం వివరం కావాలంటే పహాణీ రాసేవాడు 1వ నెంబరు నుంచి చదువుకుంటూ రాడు. నెంబర్లు వరుసలో ఉన్నాయి గనుక నడిమికి తెరుస్తాడు, కావలసింది ముందుందా వెనకుందా చూస్తాడు, మళ్లీ మిగిలిన సగంలో నడిమికి తెరుస్తాడు. విండోస్ కూడా ఒక కీ కింద ఉన్న పేర్లను వరుసలోనే ఉంచుకుంటుంది, ఇలాగే సగం సగం చేసుకుంటూ వెదుకుతుంది.

ఇక్కడే అసలు లెక్క ఉంది. 1000 పేర్లున్న జాబితాలో సగం సగం తీసేస్తూ పోతే ఎక్కువలో ఎక్కువ 10 పోలికల్లో కావలసిన పేరు దొరుకుతుంది. 2000 పేర్లుంటే? 20 పోలికలు అనుకునేరు. 11 మాత్రమే. అంటే 2000 పద్దుల్లో సగానికి సగం చెత్త అనుకుని, ఆ 1000 పద్దులనూ ఊడ్చిపారేసినా మిగిలే లాభం ఒకే ఒక్క పోలిక. మెమరీలో ఉన్న రెండు పేర్లను పోల్చడానికి కంప్యూటరుకు పట్టే కాలం సెకనులో లక్షో వంతు కన్న చాలా తక్కువ. ఆ లాభాన్ని నా చేతి గడియారం చూపిస్తుందా?

ఇక కుదించడం సంగతి. ఒక పద్దును తుడిచేసినప్పుడు హైవ్ ఫైలులో ఆ జాగా ఖాళీగా మిగిలిపోతుంది. రేపు ఇంకో పద్దు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. బస్సులో దిగినవాడి సీట్లో ఎక్కినవాడు కూర్చున్నట్టు. కుదించే ప్రోగ్రాము చేసేదేమిటంటే, ఖాళీలు లేకుండా ఉన్న పద్దులన్నిటినీ కొత్త ఫైలులోకి వరుసగా తిరగరాస్తుంది. ఫైలు చిన్నదవుతుంది, సందేహం లేదు. కాని ఎంత?

చాచా కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ అనే హైవ్ ఒక్కటే 70 మెగాబైట్ల పైన ఉంది. తుడిచిన 800 పద్దులు ఒక్కొక్కటి 250 బైట్లు అనుకున్నా మొత్తం 2 లక్షల బైట్లు. అంటే వెయ్యికి మూడు పాళ్లు. పోనీ, కుదింపు వల్ల ఫైలు ఏకంగా 10 మెగాబైట్లు తగ్గిందనే అనుకుందాం. సెకనుకు 100 మెగాబైట్లు చదివే మామూలు హార్డుడిస్కుకు ఆ 10 మెగాబైట్లు చదవడానికి సెకనులో పదో వంతు పడుతుంది. నాలుగు నిమిషాలు తీసుకునే మెషీనులో పదో వంతు సెకను! అదీ మొత్తం ఫైలును చదివితే. నిజానికి 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. నుంచి హైవ్‌లో కావలసిన భాగాలను మాత్రమే, 4 కిలోబైట్ల పేజీల లెక్కన మెమరీలోకి తెచ్చుకునే ఏర్పాటు ఉంది. ఎవరూ తెరవని పేజీలో ఉన్న చెత్త పద్దు ఎవరికీ అడ్డం రాదు.

మరి ఈ నమ్మకం ఎక్కడ పుట్టింది? నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఒకప్పుడు నిప్పు ఉండిన మాట నిజం. విండోస్ 95 నాటి కంప్యూటర్లలో ర్యామ్ 8 మెగాబైట్లో, 16 మెగాబైట్లో ఉండేది. అంత ఇరుకు ఇంట్లో రిజిస్ట్రీ కొన్ని మెగాబైట్లు పెరిగిందంటే అది బరువే. అందుకే విండోస్ 98లో స్కాన్‌రెజ్ అనే పనిముట్టును మైక్రోసాఫ్టువారే పెట్టి, రిజిస్ట్రీని పరీక్షించి, ఖాళీ జాగా మరీ పెరిగితే కుదించే ఏర్పాటు చేశారు. విండోస్ 2000 దాకా ఎన్.టి. కుటుంబంలో కూడా రిజిస్ట్రీ ఉండే మెమరీ భాగానికి ఒక హద్దు ఉండేది. ఆ హద్దు ముట్టుకుంటే చిక్కే. తరువాత తిరిగే హార్డుడిస్కు మీద హైవ్ ఫైలు ముక్కలు ముక్కలుగా పడి ఉంటే చదివే ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో సగం చుట్టుకే 4 మిల్లీసెకన్లకు పైన పడుతుంది. అందుకని మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు పేజ్‌డిఫ్రాగ్ అనే ఉచిత ప్రోగ్రాము రాసి, ఎక్స్.పి. కాలంలో ఆ ముక్కలను దగ్గర చేర్చే మార్గం చూపాడు. అది పద్దులు తుడిచేది కాదు, ఫైలు ముక్కలను పక్కపక్కన పెట్టేది మాత్రమే.

అదే రస్సినోవిచ్ 2005లో రిజిస్ట్రీ చెత్త గురించి రాస్తూ, రిజిస్ట్రీ ఎంత ఉబ్బినా, మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా గాలించే పనికి తప్ప మరి దేనికీ చెప్పుకోదగ్గ నష్టం ఉండదని తేల్చాడు. మరుసటి సంవత్సరం ఆయన మైక్రోసాఫ్టులోనే చేరాడు. మైక్రోసాఫ్టు కూడా ఒకప్పుడు రెజ్‌క్లీన్ అనే క్లీనరును ఉచితంగా ఇచ్చి, తరువాత వెనక్కు తీసుకుంది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమనీ, వాటివల్ల వచ్చిన చిక్కులు విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తే తప్ప తీరతాయని హామీ ఇవ్వలేమనీ తన సహాయ పత్రంలో రాసింది. కాలం మారింది, మెమరీ వందల రెట్లు పెరిగింది, సలహా మాత్రం 1998లో ఉన్నచోటనే ఉండిపోయింది. మా ఊళ్లో ట్రాక్టరు కొన్న తరువాత కూడా కొందరు ఎద్దుల దాణా లెక్క అడిగినట్టు.

"మరి క్లీనరు నడిపాక మా కంప్యూటరు నిజంగానే చురుగ్గా అయిందే!" అనే మిత్రులున్నారు. వారిని అబద్ధమాడుతున్నారనను. ఈ ప్రోగ్రాముల్లో చాలామటుకు రిజిస్ట్రీతోపాటు పనికిరాని తాత్కాలిక ఫైళ్లను కూడా తీసేస్తాయి, స్విచ్చు వేయగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములను కూడా కొన్నిటిని ఆపుతాయి. వేగం వస్తే అక్కడినుంచి వస్తుంది, పేరు మాత్రం రిజిస్ట్రీకి పోతుంది. పరీక్ష చేయాలంటే మనం లాబులో నేర్చుకున్న పద్ధతే ఉంది: ఒకసారికి ఒకే మార్పు, మార్పుకు ముందు మూడుసార్లు, తరువాత మూడుసార్లు కాలం కొలిచి సగటు చూడాలి. రసాయనశాస్త్రం ప్రాక్టికల్సులో ఒక్క టైట్రేషను రీడింగుతో లెక్క వేస్తే మన లెక్చరరుగారు రికార్డు మీద సంతకం పెడతారా?

నాకు ఇందులో అన్నిటికన్న వింతగా తోచిన సంగతి ఇది. క్లీనరు వెదికేది చచ్చిన పద్దులను. అంటే ఇప్పుడు లేని ఫైలును చూపించే పద్దులు. కాని చచ్చిన పద్దు కంప్యూటరు చేత ఏ పనీ చేయించదు. మెషీనును నెమ్మదింపజేసేది బతికున్న పద్దు! రిజిస్ట్రీలో "రన్" అనే పేరుతో ఒక కీ ఉంది. అందులో పేరున్న ప్రతి ప్రోగ్రామూ, మనం లాగిన్ కాగానే లేచి కూర్చుంటుంది. చాచా కంప్యూటరులో అలాంటివి 14 లెక్కపెట్టాను. ఎప్పుడో అమ్మేసిన స్కానరు తాలూకు ప్రోగ్రాము, రెండు యాంటీవైరసులు, ఎవరో ఎక్కించిన పాటల ప్రోగ్రాము. వీటి ఫైళ్లన్నీ డిస్కు మీద భేషుగ్గా ఉన్నాయి గనుక క్లీనరు వాటన్నిటికీ మంచి మార్కులు వేసి వదిలేసింది.

ఇక ఉర్దూ సాఫ్ట్‌వేరు ఎందుకు పోయిందో చెబుతాను. చాచా దాన్ని, ఫాంట్లతో సహా, బయటి హార్డుడిస్కు మీద పెట్టుకున్నాడు. దొంగల భయంతో ఆ డిస్కును రోజూ రాత్రి ఇంటికి తీసుకుపోతాడు. క్లీనరు నడిపిన రోజున అది ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. క్లీనరు పద్దు చూసింది, పద్దు చెప్పిన చోట ఫైలు లేదు, కాబట్టి చెత్త అని రాసుకుంది. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది గుర్తుందా? ఒక్కరోజులో ఇల్లిల్లూ లెక్కపెట్టారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే లెక్కలోంచి పోతామని, బతుకుతెరువుకు బయటికి పోయినవాళ్లు బస్సుల మీద వేలాడుతూ ఊళ్లకు వచ్చారు. నేనప్పుడు చిన్నవాణ్ణి, మా వాకిలి నిండా చుట్టాలే. ఊళ్లో లేనివాడు లోకంలో లేనివాడు కాదు గదా! ఆ తేడా క్లీనరుకు తెలియదు. పెన్ డ్రైవులో ఉన్నవీ, వేరే కంప్యూటరులో ఉండి వైరు ద్వారా తెరిచేవీ దానికి ఒకటే. చచ్చినవాటి లెక్కలో వేస్తుంది.

2017లో తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన చేసినప్పుడు వివాదం లేనివాటిని పార్ట్-ఎ అనీ, వివాదం ఉన్నవాటిని పార్ట్-బి అనీ రాశారు. పార్ట్-బి వాళ్లకు కొత్త పాసుపుస్తకాలు అందక పడిన తిప్పలు పల్లెల్లో అందరికీ తెలుసు. అయినా పద్దు అంటూ ఒకచోట మిగిలింది, అడగడానికి వీలు మిగిలింది. క్లీనరు దగ్గర ఆ పార్ట్-బి కూడా లేదు. తుడిచేముందు పాత పద్దుల నకలు దాచుకునే సదుపాయం చాలా క్లీనర్లలో ఉంటుంది. చాచా కంప్యూటరులో జాగా తక్కువని కుర్రవాడు దాన్ని కూడా వద్దన్నాడు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. విండోస్ ఒకప్పుడు రెజ్‌బ్యాక్ అనే ఫోల్డరులో రిజిస్ట్రీ నకలు దానంతట అదే దాచేది. డిస్కు జాగా ఆదా కోసం విండోస్ 10లో, 2018లో వచ్చిన 1803 వెర్షను నుంచి, ఆ పని మానేసింది. ఆ ఫోల్డరులో ఫైళ్ల పేర్లు కనపడతాయి, తెరిచి చూస్తే సున్న బైట్లు. కాబట్టి ఎవరైనా రిజిస్ట్రీలో చెయ్యి పెట్టదలిస్తే ముందు రిస్టోర్ పాయింటు పెట్టుకోవాలి, లేదా మార్చబోయే కీని రెజ్ఎడిట్‌లో ఎక్స్‌పోర్టు చేసి నకలు తీసిపెట్టుకోవాలి.

చెయ్యి అసలు పెట్టకూడదా అంటే, అలాగనీ కాదు. ఫలానా ప్రోగ్రాము తీసేసినా స్విచ్చు వేసినప్పుడల్లా "ఫైలు దొరకలేదు" అని తెర మీద చీటీ వస్తూంటే, ఆ ఒక్క పద్దును వెదికి తీసేయవచ్చు. వైరస్ తాను మళ్లీ లేవడానికి రన్ కీలో రాసిపెట్టుకున్న పద్దును తీసి తీరాలి. ముల్లు గుచ్చుకున్నచోట ముల్లు తీయడం వేరు, ఒళ్లంతా గీకడం వేరు.

ఆ 800 అంకె ఎలా పుట్టిందో కూడా ఆలోచించవలసిందే. పైకం కట్టేముందు ఎర్ర అంకె చూపించడం ఒక వ్యాపారం. అమెరికాలో ఆఫీస్ డిపో అనే దుకాణాలవారు, వారికి సాఫ్ట్‌వేరు ఇచ్చిన సపోర్ట్.కామ్ వారు 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషనుతో 3.5 కోట్ల డాలర్లకు రాజీపడవలసి వచ్చింది. "కంప్యూటరు నెమ్మదించిందా?" వంటి నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికి అవునని గుర్తు పెట్టినా చాలు, పరీక్ష ఏమి తేల్చినా, వైరస్ లక్షణాలు ఉన్నట్టు ఆ ప్రోగ్రాము చూపించేదని కమిషను ఆరోపణ. అది రిజిస్ట్రీ వ్యవహారం కాకపోయినా దారి ఒక్కటే. డబ్బున్న దేశం గనుక అక్కడ కొంత సొమ్ము కొన్నవాళ్లకు తిరిగి పోయింది. ఛత్తాబజారులో కట్టిన పైకాన్ని ఎవరు తిరిగి ఇస్తారు?

మరి చాచా కంప్యూటరు జబ్బేమిటి? ర్యామ్ 2 గిగాబైట్లు. ఉర్దూ సాఫ్ట్‌వేరు, ఫోటోల ప్రోగ్రాము, రెండు యాంటీవైరసులు కలిసి దాన్ని ఎప్పుడో నింపేశాయి. ర్యామ్ చాలకపోతే విండోస్ డిస్కునే మెమరీగా వాడుకుంటుంది. ర్యామ్‌లో ఒక అక్షరం తీయడానికి పట్టే కాలం కన్న, తిరిగే డిస్కు మీద ముల్లు జరిపి తీయడానికి పట్టేది సుమారు లక్ష రెట్లు ఎక్కువ. నెమ్మది అంటే అక్కడుంది. మూత విప్పితే ప్రాసెసరు మీది ఫ్యాను కాగితపు నూగు, సందు దుమ్ము కలిసి దూదిపరుపులా అయింది. వేడెక్కిన ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దానికి రిజిస్ట్రీ ఏం చేస్తుంది?

సాఫ్ట్‌వేరు సెటప్ సీడీ వెదకడానికి ఒకరోజు, మళ్లీ ఎక్కించి ఫాంట్లన్నీ సరిచేయడానికి ఒకరోజు పట్టింది. అవే ఆ రెండు రోజులు. ఆ మధ్యలో ఊరికే కూర్చోలేక నేనూ, ఉర్దూ విభాగం మిత్రుడూ కలిసి పెయింటు బ్రష్షుతో ఫ్యాను దుమ్ము దులిపాం, రన్ కీలోని 14లో 9 ఆపాం, రెండు యాంటీవైరసుల్లో ఒకటి తీసేశాం. వీటికి పైసా ఖర్చు లేదు. పెండ్లి కార్డుల డబ్బు చేతికి వచ్చాక చాచా 4 గిగాబైట్ల ర్యామ్ ముక్క ఒకటి, తిరగని డిస్కు, అంటే ఎస్.ఎస్.డి., చిన్నది ఒకటి కొన్నాడు. ముల్లు లేదు, చుట్లు లేవు, ఫైలు ముక్కలైనా బాధ లేదు.

ఉర్దూ విభాగం చివరి పేజీలు ఆ కంప్యూటరు మీదనే పూర్తయ్యాయి. ఇప్పుడు స్విచ్చు వేసి చాయ్ చెప్పేలోపలే తెర సిద్ధంగా ఉంటోంది. బయటి హార్డుడిస్కును మాత్రం చాచా ఇంకా రోజూ రాత్రి సంచీలో వేసుకుని ఇంటికి తీసుకుపోతూనే ఉన్నాడు.